తగువుకి నోచుకోవాలి

నేను రోజూ సాయంత్రం మా అమ్మ దగ్గరికి వెళ్తాను. మా అమ్మ మాత్రం కూతురి మొహం చూసి ఎన్నాళ్ళయిందో అని వీధిలో కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్తుంది. పాలు పోసే ఆయనకి చెప్పింది. ఇస్త్రీ బండి అతనికి చెప్పింది. ఎదురింటి పిన్నిగారికైతే ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ఆవిడ ఒకరోజు మా నర్సీపట్నం అబీద్ సెంటర్‌లో పళ్ళ బండి దగ్గర నన్ను పట్టుకుని, "ఊళ్ళోనే ఉండి కూడా అమ్మని సూడవేటమ్మా? పెద్ద ప్రాణం. మనసు కష్టపెట్టుకుంటంది" అని బుద్ధి చెప్పారు. అప్పుడు నా చేతిలో ఉన్న అరటిపళ్ళు అమ్మ కోసమే కొన్నవి. ఆ మాట చెప్పినా ఆవిడ నమ్మేలా లేరు. సరే పిన్నిగారూ అని తలూపి వచ్చేశాను.

అమ్మకి మతిమరుపు మొదలై కొంతకాలమైంది. ముందు పప్పులో ఉప్పు రెండుసార్లు పడేది. తర్వాత అడిగిందే అడగడం, ఇచ్చిన తాళాలు ఇవ్వలేదనడం. తమ్ముడు విశాఖపట్నం తీసుకెళ్ళి పెద్ద డాక్టరుగారికి చూపించాడు. నేనూ వెళ్ళాను. ఇది ఇంకా పెద్ద జబ్బు కాదు, జ్ఞాపకం కాస్త తగ్గింది అంతే, మందుల కన్నా ముందు మెదడుకి రోజూ పని పెట్టాలి అని ఆయన చెప్పారు. ట్యాబ్‌లో ఆడించే ఆటలు కొన్ని, బొమ్మల కార్డులతో చేయించేవి కొన్ని ఉంటాయట. ఇంట్లోనే, రోజూ కాసేపు, ఓపికగా చేయించాలట. విసుక్కోకూడదు, తప్పు చెప్తే వెక్కిరించకూడదు, ఆవిడని కంగారు పెట్టకూడదు. ఎవరు చేయిస్తారు అని అడిగారు.

"నేను" అన్నాను. ఎవరూ నోరు తెరవకముందే అన్నాను.

న్యాయంగా అయితే మా మరదలు చేయించాలి. తమ్ముడి భార్య, అమ్మతో ఒకే ఇంట్లో ఉంటుంది, ముందుగదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది, పగలంతా ఎదురుగానే ఉంటుంది. కానీ నేను స్కూల్లో పాఠాలు చెప్పే మనిషిని. మొండి పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించిన దాన్ని. పైగా మా అమ్మ నా అమ్మ. ఆవిడని ఎవరితోనూ పంచుకోవడం చిన్నప్పటినుంచీ నాకు పడదు. మరదలు మాత్రం డాక్టరుగారు చెప్పేదంతా వింటున్నట్టే తలూపి, బయటికొచ్చాక, "వదినగారూ, బేగి నడవండి, నర్సీపట్నం బస్సు పోద్ది" అంది.

కార్డులు నేనే తయారు చేశాను. అట్టముక్కల మీద కూరగాయలు, పనిముట్లు, చుట్టాల ఫొటోలు అంటించాను. అయిదు మాటలు చెప్పి, కాసేపు వేరే కబుర్లు చెప్పి, మళ్ళీ ఆ అయిదూ అడగడం ఒకటి. పేపర్లో చిన్న వార్త చదివి అందులో ఏం జరిగిందో చెప్పించడం ఒకటి. కళ్ళు మూసుకుని ఇంటి నుంచి మార్కెట్ దాకా నడిచినట్టు ఊహించుకుని దారిలో ఏమేం వస్తాయో వరసగా చెప్పడం ఒకటి. ట్యాబ్‌లో జత బొమ్మలు వెతికే ఆట ఒకటి.

అమ్మ అన్నీ బుద్ధిగా చేసేది. నేను రాగానే, "రామ్మా, ఎన్నాళ్ళకి గురుతొచ్చాం" అనేది. కుర్చీ వేయించేది. చీర కొంగు సర్దుకుని, జనాభా లెక్కల వాళ్ళు వచ్చినప్పుడు కూర్చున్నట్టు ఎదురుగా కూర్చునేది. అడిగినదానికి జవాబిచ్చేది. గుర్తు లేకపోతే, "నువ్వే సెప్పమ్మా, సదువుకున్నదానివి" అనేది. వెళ్ళేటప్పుడు తప్పకుండా బొట్టు పెట్టేది. పెళ్ళయి వెళ్ళిన ఆడపిల్ల పుట్టింటికొస్తే ఒక్క మాట అనకూడదు, కంటతడి పెట్టించి పంపకూడదు అనేది మా అమ్మ నియమం. నాకు పెళ్ళయిన నాటినుంచీ ఆ నియమం తప్పలేదు. అన్నీ మరిచిపోయేది, అది మాత్రం మరవలేదు.

మర్నాడు వెళ్తే మళ్ళీ, "రామ్మా, ఎన్నాళ్ళకి గురుతొచ్చాం." నిన్న వచ్చానమ్మా అంటే, "అవునా" అని మర్యాదగా ఒప్పుకునేది. ఆ మర్యాద చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

ఎందుకంటే మరదలితో ఆ మర్యాద లేదు. వాళ్ళిద్దరికీ పొద్దున్నే పాలగిన్నె దగ్గర మొదలవుతుంది. పాలు పొంగించిందని అమ్మ, పొయ్యి దగ్గరుండి చూడొచ్చు కదా అని మరదలు. దుప్పట్లు ఏ తీగ మీద ఆరెయ్యాలో ఒక తగువు. చారులో బెల్లం ఎంతో ఒక తగువు. మరదలు విసుక్కుంటుంది, మాటకి మాట అంటుంది, డాక్టరుగారు వద్దన్నవన్నీ చేస్తుంది. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు. మా ఇంట్లో ఇద్దరూ ఉన్నారు, ఆ రెండు గుణాలూ లేవు.

అయితే ఆ తగువుల్లో ఒక్కటి కూడా మా అమ్మ మరిచిపోదు.

ఇది నేను ఆలస్యంగా గమనించాను. ఒకరోజు అయిదు మాటలు చెప్పాను. తాళం, అరటిపండు, గొడుగు, సైకిలు, దువ్వెన. కాసేపాగి అడిగితే అమ్మ చాలాసేపు ఆలోచించి, "గొడుగు" అంది. శభాష్ అనబోతున్నాను.

"గొడుగంటే గురుతొచ్చింది. నా నల్ల గొడుగు ఇరగ్గొట్టి అటక మీద దాసీసింది. అడిగితే, వానలు పోయాయి కదత్తా, ఇప్పుడు గొడుగేటి అంది. అప్పుడది ఆ నీలం నైటీ ఏసుకుని సెనక్కాయలు ఒలస్తంది. నా మొహం కూడా సూడకుండా అంది."

లోపల మిషను ఆగింది. "ఇరగ్గొట్టలేదత్తా, అదే ఇరిగింది" అని మరదలు అక్కడినుంచే అరిచింది. మిగిలిన నాలుగు మాటలూ ఆ గోలలో కొట్టుకుపోయాయి. చక్కగా రంగులు వేసి, అంచులు కత్తిరించి, నేను తెచ్చిన కార్డులకి అమ్మ బుర్రలో చోటు లేదు. ఆ నీలం నైటీకి ఉంది. ఇంటికి వస్తూ దారంతా కుళ్ళుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ మాటే సరైనది, కుళ్ళుకున్నాను.

డాక్టరుగారి దగ్గర పనిచేసే ఒక అమ్మాయి అప్పుడప్పుడు ఫోన్ చేసి ఎలా చేయిస్తున్నామో కనుక్కుంటుంది. ఆ అమ్మాయితో ఈ సంగతి చెప్పాను.

"మనసుకి గట్టిగా తగిలింది నిలుస్తుందండీ" అంది. "అలాగని గొడవలు పెట్టమని కాదు. ఆవిడకి ఇష్టమైన పనులు చేయిస్తూ, వాటి మధ్యలో అడగండి. ఇంట్లో ఎవరితో ఎక్కువ మాట్లాడతారు?"

"మాట్లాడదండీ. మా మరదల్ని తిడుతుంది."

"అదీ మాటే కదండీ" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆ మాట పట్టుకుని నేనొక ప్రయత్నం చేశాను. గొడవలు పెట్టమని కాదు అని ఆ అమ్మాయి అన్న ముక్క వదిలేసి, మిగతాది పట్టుకున్నాను. ఆ సాయంత్రం వెళ్ళి కాఫీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని, "ఏం కాఫీయమ్మా ఇది, కుడితి నీళ్ళలా ఉంది" అన్నాను. అమ్మకి కోపం వస్తుందని, నన్ను నాలుగు దులుపుతుందని, ఆ నాలుగూ మర్నాటికి గుర్తుంటాయని నా ఆశ. అమ్మ కంగారుపడిపోయింది. "అయ్యో, తాగకమ్మా, అక్కడెట్టీ" అని గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. కూతురు లేకలేక వస్తే మంచి కాఫీ కూడా ఇవ్వలేవా అని మరదలి మీద లేచింది. పొడి మీ అబ్బాయి తెచ్చినదే అని మరదలు. గిన్నె కడక్కుండా పెట్టావని అమ్మ. చాలాసేపు జరిగింది. నేను హాల్లో కుర్చీలో కూర్చుని వింటూ ఉన్నాను.

మర్నాడు అమ్మ ఆ కాఫీ తగువంతా పూస గుచ్చినట్టు చెప్పింది. గిన్నె సంగతి, పొడి సంగతి, మరదలు ఏమందో, తను ఏమందో. అందులో నేను లేను. కాఫీ ఎవరికోసం పెట్టారని అడిగితే, "ఎవరో వచ్చార్లే" అంది.

తమ్ముడికి ఇదంతా వేళాకోళం. "అక్కా, నీది ట్యూషను, దానిది అసలు బడి" అన్నాడు. నేను వాడితో ఆ వారమంతా సరిగ్గా మాట్లాడలేదు.

తర్వాత వీడియో కాల్ ఒకటి వచ్చింది. ఆ అమ్మాయే అమ్మని చూస్తూ మాట్లాడాలంది. ఫోన్ నేను పట్టుకున్నాను. ఒళ్ళో కార్డుల పెట్టె ఉంది. అమ్మ రవ్వంత సిగ్గుపడుతూ జవాబులు చెప్పింది. చాలావరకు బాగానే చెప్పింది. మార్కెట్ దారి మొత్తం వరసగా చెప్పింది. అది నేను నేర్పిందే. నాకు గర్వంగా అనిపించింది. అప్పుడు ఆ అమ్మాయి, "చాలా బాగా చేస్తున్నారమ్మా. ఇవన్నీ మీతో ఎవరు చేయిస్తున్నారు?" అని అడిగింది.

అమ్మ నా వైపు చూసింది. నా భుజం మీదుగా వెనక్కి చూసింది. గుమ్మంలో మరదలు దారం ఉండ పట్టుకుని నిలబడి ఉంది.

"ఇంకెవరు, అదే" అంది అమ్మ. "పొద్దస్తమానం నన్ను పీక్కుతింటాది."

మరదలు పాపం, "నేను కాదత్తా, వదినగారు" అంది. అలా అన్నందుకు ఇంకా కోపం వచ్చింది నాకు. నా అమ్మని నాకు దానంగా ఇస్తున్నట్టుంది. కాల్ అయ్యాక కార్డులు సర్దుకుని వచ్చేశాను. అమ్మ బొట్టు పెట్టింది. మళ్ళీ ఎప్పుడొస్తావమ్మా అని అడిగింది.

కూతురు నేనని అమ్మకి తెలుసు. నా పేరు తెలుసు, నా పిల్లల పేర్లు తెలుసు. చిన్నప్పుడు నేను ఏ చెట్టు మీంచి పడ్డానో కూడా తెలుసు. ఇప్పటి నేను మాత్రం అమ్మలో ఎక్కడా అంటుకోవడం లేదు. రోజూ వెళ్ళి కూర్చున్న నేను, ఈ ఏడాది నేను, తెల్లారేసరికి తుడిచిపెట్టుకుపోతున్నాను. రేపు మతిమరుపు ఇంకాస్త ముదిరితే అమ్మ దగ్గర మిగిలే మనుషుల్లో మరదలు ఉంటుంది, నేను ఉండను. నాకు భయం అదే. మిగతాదంతా ఆ భయానికి పట్టిన చెమట.

పనసకాయ వచ్చింది ఆ ఆదివారమే. తమ్ముడు ఏదో పని మీద కొయ్యూరు వైపు వెళ్ళి, సంతలో లేత కాయ చూసి తెచ్చాడు. నేను వెళ్ళేసరికి హాల్లో పేపర్లు పరిచి, అమ్మ కత్తిపీట ముందు కూర్చుని ఉంది. చేతులకి నూనె రాసుకుని పొట్టు కొడుతోంది. పక్కనే కింద కూర్చుని మరదలు ఆవాలు నూరుతోంది. మార్కెట్‌లో కొట్టిన పొట్టే అమ్ముతారు, ఈ అవస్థ ఎందుకు అని మరదలు అంటోంది. వాళ్ళు కొట్టేది పొట్టు కాదు కట్టె పేళ్ళు, అది తిన్నవాడికి పళ్ళూడతాయి అని అమ్మ. ఇద్దరి మోచేతుల దాకా జిగురు. ఇద్దరి మోకాళ్ళూ తాకుతున్నాయి. అంత దగ్గరగా నేను అమ్మ పక్కన కూర్చుని ఎన్నేళ్ళయిందో.

"రామ్మా, ఎన్నాళ్ళకి గురుతొచ్చాం" అంది అమ్మ తలెత్తి. "కుర్సీలో కూకో. కిందకి రాకు, సీరకి జిగురంటుద్ది."

కూర్చున్నాను. చేతిలో సంచీ, సంచీలో కార్డులు. వాళ్ళ తగువు సాగుతోంది. ఆవ ఎక్కువ నూరుతున్నావని అమ్మ, నువ్వే కదా ఘాటు లేదని మొన్న పారబోశావు అని మరదలు. నన్నెవరూ ఏమీ అడగలేదు. నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో గానీ వచ్చింది.

"పనసపొట్టు కూరంటే మా అత్తగారిదే. అలాంటి కూర నేనింకెక్కడా తినలేదు."

ఆవాలు నూరుతున్న మరదలికి తగలాలని అన్నాను. తగలాల్సిన చోట తగల్లేదు. కత్తిపీట మీద అమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఎక్కడా తినలేదా?"

సంచీ ఒళ్ళోకి లాక్కున్నాను.

"ఎక్కడా తినలేదేటే? ఈ సేతి కూర తిని పెరిగిన నోరేనా అది? మీ అత్త సంగతి నాకు సెప్తావేటి? నీ సీమంతానికి నేనొస్తే పప్పుసారు ఎట్టింది. గరిటతో కలిపితే పప్పు కనపడ్లేదు. అయినా నోరెత్తలేదు, నీ మొహం సూసి మింగాను."

నా పెళ్ళయ్యాక ఇన్నేళ్ళలో అమ్మ నన్ను 'ఏటే' అనడం అదే మొదలు. అక్కడ ఆగి ఉండాల్సింది. డాక్టరుగారు కంగారు పెట్టొద్దన్నారు కదా. ఆగలేకపోయాను.

"పప్పుచారు ఎలా ఉంటే ఏమిటమ్మా. ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పని చెప్పేవారు, తప్పు చేస్తే తిట్టేవారు. నువ్వు కుర్చీ వేస్తావు. ఈ ఇంట్లో నాకు కుర్చీ తప్ప ఇంకేముంది?"

"అయితే ఆ మాతల్లి కాడికే పో" అంది అమ్మ. "నా కుర్సీ ఎందుకు నీకు? లెగు. అందులోంచి లెగు."

లేచాను. మరదలు, "అత్తా, ఊరుకో" అంటూ చేతులు కొంగుకి తుడుచుకుంటూ లేచింది. అమ్మ నా వైపు చూడలేదు. బొట్టు పెట్టలేదు. కార్డుల సంచీ అక్కడే వదిలేసి చెప్పులేసుకుని వచ్చేశాను. ఇంటికొచ్చి ఏడుస్తుంటే మా ఆయన, "కూర గురించా?" అని రెండుసార్లు అడిగారు.

మర్నాడు స్కూల్లో మనసు నిలవలేదు. పెద్దావిడని, అందులోనూ ఒంట్లో బాగాలేని మనిషిని, అంత మాట అన్నాను. ఒక్కటే ఊరట, ఈపాటికి మరిచిపోయే ఉంటుంది. సాయంత్రం వెళ్తే, రామ్మా ఎన్నాళ్ళకి అంటుంది, కుర్చీ వేయిస్తుంది, నా తప్పు కడిగేసినట్టు పోతుంది. జన్మలో మొదటిసారి ఆ మతిమరుపు మీదే ఆశ పెట్టుకున్నాను. కానీ మరిచిపోతే ఆ తప్పుతో పాటు నిన్నటి నేనూ తుడిచిపెట్టుకుపోతాను.

రోజూ కంటే ఆలస్యంగా వెళ్ళాను. గేటు దగ్గరే అమ్మ గొంతు వినిపించింది. వరండాలో కూర్చుని, చేటలో వెల్లుల్లి వలుస్తూ, ఎదురింటి పిన్నిగారితో మాట్లాడుతోంది. మరదలు పక్కనే ఉంది. గోడవారగా బోగన్‌విల్లా గుబురు ఉంది. నేను వాళ్ళకి కనపడను.

"నిన్న వచ్చింది" అంటోంది అమ్మ. "ఆకుపచ్చ సీర కట్టుకొచ్చింది. ఆ కుర్సీలో కూకుంది. మేం పనసపొట్టు కొడతన్నాం. ఇది ఆవాలు నూరతంది. కూకున్నది కూకోక, మా అత్త కూర ముందు మీదేం కూర అంది. ఎంత మాట సూడు. నా కడుపున పుట్టి, వాళ్ళత్తని నెత్తినెట్టుకుంది."

ఆకుపచ్చ చీరే. నిన్న నేను కట్టుకుంది అదే.

"కూతురు రాదన్నావు కదక్కా?" అన్నారు పిన్నిగారు.

"ఎవరన్నారు? రోజూ వస్తాది. ఆ బొమ్మల సంచీ ఏసుకుని మరీ వస్తాది. వస్తే ఏటి లాభం, నోట్లో అత్త జపమే."

గోడ పట్టుకుని నిలబడిపోయాను. రోజూ వస్తాది. నా మీద అమ్మ అంత వివరంగా, అంత కసిగా చాడీ చెప్తోంది. పండగ రోజున కూడా నాకంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. కళ్ళు తుడుచుకుని గేటు తీశాను.

పిన్నిగారు నన్ను చూసి నాలిక్కరుచుకున్నారు. అమ్మ మాత్రం జంకలేదు. నన్ను పైనుంచి కిందదాకా చూసింది.

"మళ్ళీ వచ్చావేటే. నిన్న అంత మాటనీసి, ఏ మొహం ఎట్టుకుని వచ్చావు?"

"ఇదే మొహం అమ్మా" అన్నాను.

కుర్చీ కోసం చూశాను. అది గోడకి ఆనించి ఉంది, దాని మీద మరదలు కుట్టిన జాకెట్లు మడతపెట్టి ఉన్నాయి. ఎవరూ తియ్యలేదు.

"నిలబడి సూస్తావేటి? కింద కూకో. ఈ ఎల్లుల్లి వలు. బేగి వలు, మీ అత్తలాగ రెండు రెబ్బలకి గంట సెయ్యకు."

కింద కూర్చున్నాను. మరదలు చేట నా వైపు జరిపింది. జరుపుతూ ఒక చూపు చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు, ఇన్నాళ్ళూ అది నా దగ్గరే ఉండేది. నేను అమ్మ మోకాలికి మోకాలు తగిలేలా ఇంకాస్త లోపలికి జరిగాను.

నిజానికి మా అత్తగారు పనసపొట్టు కూర ఎప్పుడూ వండలేదు. ఆవిడకి ఆవ పడదు. ఆ సంగతి అమ్మకి చెప్పే ఉద్దేశం నాకు లేదు. రేపు మా అత్తగారి వంకాయ కూర సంగతి ఎత్తుదామనుకుంటున్నాను.